బంతివేరు – గంధకము – సూర్యరశ్మి

తంగేడు, గునుగు పూలతోపాటు బంతిపూలు చేరని బతుకమ్మ కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో అరుదు. పండుగ దాటిన పిదప ఆ మొక్కను పెరికి గట్టున పారవేయుదుము. ఆ పారవేసిన వేరులో ఏమున్నదో శ్రోతలకు నేడు కొంత విన్నవింపదలచినాము.

1947లో అమెరికాలో జెక్‌మైస్టర్, సీస్ అను రసాయన శాస్త్రజ్ఞులు బంతిపూలనుండి ఒక పదార్థమును వేరుచేసిరి. అతినీలలోహిత కాంతి పడగానే అది నీలముగా మెరసినది. దాని పేరు ఆల్ఫా టెర్‌థయనిల్. నాలుగు కర్బన పరమాణువులు, ఒక గంధక పరమాణువు వలయముగా కూడినచో థయోఫీన్ అందురు. అట్టి వలయములు మూడు వరుసగా కలిసినదే ఇది. పంటల వేళ్ళను పట్టు నులిపురుగులను బంతివేళ్ళలోని ఈ పదార్థము చంపునని 1958లో హాలెండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

అది చంపు తీరు విచిత్రము. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములనుండి శక్తిని గ్రహించి, అది ప్రక్కనున్న ప్రాణవాయువునకు అందించును. అట్లు ఉద్రిక్తమైన ప్రాణవాయువు జీవకణముల పొరలను, మాంసకృత్తులను చెరచును. శక్తి నందించిన అణువు మరల యథాస్థితికి వచ్చి అదే పనికి పూనుకొనును. కనుకనే అత్యల్పమైన మోతాదు సైతము ఎండలో సూక్ష్మజీవులను, దోమపిల్లలను చంపగలదు.

మరి నేలలోపల ఎండ యెక్కడిది? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించినది. పురుగు కొరికిన వేరులోని ఎంజైములే వెలుగు చేయు పనిని చేయునని కొందరు తలచిరి. ఈ పదార్థము నులిపురుగు చర్మముగుండా లోనికి చొరబడి, చీకటిలో కూడ దానిని బాధించునని 2019లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి.

గుంటగలగర కూడ ఈ కోవలోనిదే. కాలువగట్లపై మొలచు ఆ మొక్కనుండి ఇట్టి థయోఫీన్ సమ్మేళనమును 1966లో టి. ఆర్. శేషాద్రిగారు, వారి సహచరులు వెల్లడించిరి. ఆయన ఢిల్లీకి పోకపూర్వము ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన శాస్త్రమును బోధించినవారు.

ఇంత శక్తి గలదని విని, వేళ్ళు దంచి రసమును చెరువులో పోసిన దోమలు పోవునుగదా యని కొందరికి తోచవచ్చును. అది తగదు. ఎండలో చేపపిల్లలు, కప్పపిల్లలు కూడ దానికి బలియగును. ఇంటిలోని నీటి గోలెములో పోసినచో, అచట ఎండయే లేదు. చర్మమునకు పూసికొని ఎండలో తిరిగినను మంట, నల్లని మచ్చలు కలుగవచ్చును. బతుకమ్మతో నీట విడుచు పూల మాట కాదిది, సారము తీసి వాడువారి మాట.

దీని ప్రయోజనము పొలములోనే యెక్కువ. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతములలో పసుపు పండించువారికి వేరుబుడిపెల బెడద తెలియనిది కాదు. బుడిపెలు పుట్టించునది నులిపురుగు. పసుపు త్రవ్విన పిదప నీటివసతి యున్నచో, ఆ మడిలో రెండు మూడు నెలలు బంతిని ఒత్తుగా పెంచవచ్చును. పనిచేయునది బ్రతికియున్న వేరు; ఎండిన పూలపొడి చల్లిన ఆ ఫలితము రాదు. అన్ని బంతిజాతులు అన్ని నులిపురుగులకును చాలవు గనుక, జగిత్యాల చెంత పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానమువారి నడిగి విత్తనము నెంచుకొనుట మేలు. దానికి ముందు ఒక పసుపుదుబ్బును పెరికి, మట్టి కడిగి, వేళ్ళపై బుడిపెలున్నవో లేవో చూడవలెను.