పలుపు విప్పే ముందు ఇద్దరిని అడగండి

(రామతీర్థం పరిసర గ్రామాల పాల ఉత్పత్తిదారుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పది రోజుల్లోకి వచ్చింది. ఆ వెంటనే శ్రీరామనవమి. నవమికి రామతీర్థం జనంతో నిండిపోతుంది. మీ ఇళ్లకు చుట్టాలు వస్తారు. వేప పూసింది, మామిడి పిందె పట్టింది. ఇంత మంచి కాలంలో మేము పండుగ మాట విడిచి గేదె మాట ఎత్తుతున్నామని అనుకోవద్దు. ఈ రెండు నెలల్లోనే మన పల్లెల్లో ఎక్కువ గేదెలు పలుపు విప్పించుకుని పరాయి ఊళ్లకు పోతున్నాయి. సంఘాల పుస్తకాలు తనిఖీ చేసేవాళ్లం కనుక అది మాకు అంకెల్లో కనిపిస్తుంది. మాఘమాసంలో ఉన్న సభ్యుని పేరు వైశాఖానికి పాల రిజిస్టరులో ఉండదు. ఎందుకు లేదని కార్యదర్శిని అడిగితే, "గేదె వట్టిపోయిందండి, అమ్మేశారు" అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా మాకు మా ఇల్లే గుర్తుకు వస్తుంది. ఆ సంగతి ఈ రోజు మీకు చెప్పదలచాము.

మా ఊరు రామతీర్థానికి నడిచి వెళ్లేంత దూరం. వాకిట్లో నిలబడితే బోడికొండ కనిపించేది. ఎకరంన్నర పల్లం, అర ఎకరం మెట్ట, జత ఎడ్లు, ఒక గేదె. మేము నలుగురు పిల్లలం, అమ్మ, నాన్న, నానమ్మ. అమ్మ తొలికోడి కూతకు లేచేది. సాల ఊడ్చి, పేడ ఎత్తి గత్తంలో వేసి, వాకిట కల్లాపి చల్లేది. దూడను విడిచి, గేదె చేపిన తరువాత పాలు పితికేది. ఒక చెంబు ఇంటికి ఉంచి, మిగిలినవి ఊరి పాల కేంద్రానికి మా చేత పంపేది. మేము తిరిగి వచ్చేసరికి చోడి అంబలిలో మజ్జిగ కలిపి గిన్నెల్లో పోసి ఉంచేది. ఆ తరువాత గేదెకు కుడితి, ఎడ్లకు గడ్డి, ఇంట్లో వంట.

చైత్రం వచ్చేసరికి పొలం పని తగ్గేది గాని అమ్మ పని తగ్గేది కాదు. చింతపండు గింజ తీయడం, మినుములు బాగుచేయడం, పిడకలు కొట్టడం, గోడలు అలకడం. మగవాళ్లకు ఆ రోజుల్లో కొంత తీరిక. మాకు పండుగే. మధ్యాహ్నం గేదెను చెరువుకు తోలుకుపోయి, దాని వీపు మీద ఎక్కి నీళ్లలోకి దిగేవాళ్లం. నీళ్లు తగ్గి బురద మిగిలితే గేదెకు ఇంకా ఇష్టం.

1981 సంవత్సరం. మాకు పదేళ్లు. వైశాఖంలో అప్ప పెళ్లి పెట్టుకున్నారు. గేదె భాద్రపదంలో ఈనినది. చైత్రానికి పూటకు శేరు పాలు కూడా రావడం లేదు. గడ్డికుప్ప సగానికి తరిగింది. తవుడు ధర పెరిగింది. బేరగాడు వాకిట్లోకి వచ్చి, "వట్టిగొడ్డును మేపి ఏం లాభం?" అన్నాడు. 1,100 రూపాయలకు బేరం కుదిరింది. అమ్మ ఆ వేళ రేవు దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఇంటికి వచ్చేసరికి గుంజ దగ్గర పలుపుతాడు మాత్రం ఉంది. అమ్మ అరవలేదు, ఏడవలేదు. తాడు చుట్టి చూరులో పెడుతూ, "నన్నొక మాట అడిగితే మీ సొమ్మేటి పోనాది? దానికి చూలు నిలిచినట్టుంది" అన్నది. నాన్న నవ్వేశారు.

ఆ గేదె కార్తీకంలో పొరుగూరిలో ఈనింది. పెయ్యదూడ. అంటే మా ఇంటి నుంచి వెళ్లేనాటికి మూడో నెల చూలు. గేదెకు చూలు పది నెలల పది రోజులు, అంటే సుమారు 310 రోజులు. పుష్యంలో మందలో కట్టినది కార్తీకంలో ఈనుతుంది. లెక్క తిన్నగానే ఉంది. ఆ లెక్క అమ్మకు ఒక్కర్తెకే తెలుసు. రోజూ దాని పొదుగు పట్టుకున్నది ఆమె, ఒంటి నిగారింపు చూసినది ఆమె. మళ్లీ గేదెను కట్టుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది. 2,600 రూపాయలు అప్పు చేయవలసి వచ్చింది. ఆ రెండేళ్లూ అమ్మ చెంబు పట్టుకుని పక్కింటికి పాలకు వెళ్లింది. మా చిన్న తమ్ముడికి అప్పుడు మూడేళ్లు. చాలా రోజులు వాడి గిన్నెలో అంబలి ఉంది గాని పాలు లేవు. "పాలిచ్చే గేదెను అమ్మి దున్నపోతును కొన్నట్టు" అని సామెత ఉంది. మేము దున్నపోతును కూడా కొనలేదు.

మా నాన్నను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పెళ్లి ఖర్చు నిజం, గడ్డి కరవు నిజం. అప్పటికి చూలు పరీక్ష అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈనాడు మీకు ఆ లోటు లేదు. కనుక మేము కోరేది ఒక్కటే. పలుపు విప్పే ముందు ఇద్దరిని అడగండి. ఒకరు పశువైద్యులు, రెండవవారు ఆ గేదెను సాకే ఇంటి ఇల్లాలు.

మొదట పశువైద్యుల సంగతి. ఎద కట్టించిన, లేదా సూది వేయించిన రెండున్నర, మూడు నెలలకు చేతి పరీక్షతో చూలు నిలిచినదీ లేనిదీ చెప్పగలరు. కట్టించిన తేదీని గోడ మీద సున్నంతో రాసుకున్నా చాలు. ఎండలు ముదిరే కొద్దీ గేదెలో ఎద లక్షణాలు పైకి కనిపించవు. అది మూగ ఎద. అరవదు, గెంతదు. రాత్రి చివరి జాములో, తెల్లవారుజామున కనిపెట్టి చూడాలి. తీగలు వేయడం, మాటిమాటికి మూత్రం పోయడం, పాలు హఠాత్తుగా తగ్గడం గుర్తులు. దాటిపోతే మళ్లీ 21 రోజులకు చూసుకోవాలి. పగలు రెండు పూటలా నీళ్లు పోసి కడిగి, చెట్టు నీడన కట్టిన గేదె ఎండల్లోనూ ఎదకు వస్తుంది. ఎండలో మాడిన గేదె "కట్టు నిలవలేదు" అనిపించుకుని సంతకు పోతుంది.

ఇక మేత సంగతి. వట్టి గేదెను మేపలేమన్నది పెద్ద బెంగ. పాలిచ్చే గేదెకు పెట్టే దాణా అంతా వట్టి గేదెకు అక్కరలేదు. చూలు చివరి రెండు నెలల్లో మాత్రం రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా అదనంగా పెట్టాలి; అది రాబోయే పాలకు పెట్టుబడి. అంతవరకు ఎండుగడ్డినే బలమైనదిగా చేసుకోవచ్చు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగిన తరువాతే గడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీసిన గడ్డిని కాసేపు గాలికి ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టవద్దు. యూరియా నీళ్ల బాల్చీ పశువులకు అందే చోట ఉంచవద్దు. ఆ నీళ్లు తాగితే ప్రాణం పోతుంది. వచ్చే ఏడాదికి ఇంకొక ఉపాయం ఉంది. వరి కోతకు ముందు పల్లంలో పిల్లిపెసర చల్లుకుంటే ఆ తడికే మొలిచి పచ్చిమేత అవుతుంది.

రెండవది ఇల్లాలి మాట. మేము సహకార డిప్లొమా చదివినప్పుడు జమా ఖర్చులు రాయడం నేర్పారు. ఏ పద్దు ఎవరి చెమటతో వచ్చిందో రాసే గడి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. తనిఖీకి వెళ్లిన చోటల్లా చూస్తున్నాము. పాలు తెచ్చి పోసేది అమ్మ. రిజిస్టరులో పేరు అయ్యది. సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తేది అయ్యే. చట్టం ఆడవారిని సభ్యత్వానికి వద్దనలేదు. వాటాధనం కట్టి, దరఖాస్తు ఇచ్చి, పాలు పోసే ఇల్లాలు సభ్యురాలు కావచ్చు. పేరు ఆమెదైతే పాల డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో పడుతుంది. గేదె సంగతి ఆమెను అడగకుండా తేల్చడం అప్పుడు కొంచెం కష్టమవుతుంది. ఆ కష్టం మంచిదే.

ఇంకొక మాట. ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసిన సభ్యునికే ఓటు అని చాలా సంఘాల బైలాలో ఉంటుంది. గేదెను అమ్ముకున్నవారు పాలతో పాటు ఓటు కూడా పోగొట్టుకునే వీలుంది. మీ బైలాలో ఏమి రాసి ఉందో ఈ రోజే కార్యదర్శి చేత చదివించుకోండి.

పాలకవర్గం వారికి మా మనవి. మాఘంలోనే పాలు తగ్గుతున్న సభ్యుల జాబితా తీయండి. పాల రిజిస్టరు చూస్తే అరగంట పని. ఉగాదికి ముందే పశువైద్యులను పిలిపించి ఆ గేదెలన్నిటికీ ఒకేసారి చూలు పరీక్ష చేయించండి. పాలు పొంగే నెలల్లో సభ్యుల సమ్మతితో లీటరుకు కొద్ది పైసలు దాణా పొదుపుగా ఉంచి, ఎండాకాలంలో తవుడు, చెక్క రూపంలో తిరిగి ఇవ్వండి. అవసరానికి సభ్యుడు బేరగాని వాకిటికి పోకుండా సంఘం వాకిటికి రావాలి. ఈ సంవత్సరం మాఘం దాటిపోయింది గాని, ఇంకా పది రోజులున్నాయి.

అమ్మనే వద్దని మేము అనడం లేదు. ముసలిదైన గేదె, పొదుగు చెడిన గేదె, వైద్యం చేయించినా చూలు నిలవని గేదె ఇంటికి బరువే. అటువంటి దాన్ని అమ్మడం తప్పు కాదు. చూలు గేదెను వట్టిగొడ్డు ధరకు ఇవ్వడం తప్పు. పిల్లల గిన్నెలోని పాలను ఎవరినీ అడగకుండా బేరం పెట్టడం తప్పు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ పలుపుతాడు చాలా కాలం చూరులోనే ఉంది. రెండేళ్ల తరువాత కొత్త గేదె వచ్చిన రోజున నాన్న ఆ తాడు తీసి అమ్మ చేతికిచ్చి, "నువ్వే కట్టు" అన్నారు. అంతకు మించి ఆయన ఏమీ అనలేదు, అమ్మా అడగలేదు. ఆనాటి నుంచి మా ఇంట్లో పశువును కొన్నా, అమ్మినా మొదటి మాట అమ్మదే.

ఉగాది పచ్చడి తిన్న తరువాత, మీ ఇంట్లో గేదె కట్టిన తేదీ ఎవరికి గుర్తుందో ఒక్కసారి అడిగి చూడండి. చెప్పగలిగినవారి పేరు సంఘం రిజిస్టరులో ఉన్నదో లేదో కూడా చూడండి.