తలదెబ్బకు ‘వాపు గోళీ’ ఎందుకు వెయ్యొద్దు?

ఈసారి తలదెబ్బ గురించి మాట్లాడుకుందాం. సైట్ మీద పైనుంచి పడ్డా, డెలివరీ బైక్ జారినా, బాత్రూంలో కాలు జారినా తలకు తగిలితే రూములో ఎవరో ఒకరు “వాపు గోళీ ఉంది, వేసుకో” అంటారు. ఆ గోళీ కొన్నిసార్లు స్టెరాయిడ్ అయి ఉంటుంది. అంటే మన ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ హార్మోన్‌కు దగ్గరి చుట్టం.

మెదడుకు నష్టం రెండు విడతల్లో జరుగుతుంది. మొదటిది దెబ్బ తగిలిన క్షణంలో. కణాలు చిరుగుతాయి, రక్తనాళాలు తెగుతాయి. రెండోది ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో. మైక్రోగ్లియా అనే కాపలా కణాలు లేచి చెత్త ఊడుస్తాయి, మంట పుట్టించే రసాయనాలు కూడా వదులుతాయి. ఆస్ట్రోసైట్లు అనే కణాలు ఉబ్బుతాయి, గాయం చుట్టూ గోడ కడతాయి. పుర్రె ఎముక కదా, సాగదు. వాపు పెరిగితే లోపల ఒత్తిడి పెరిగి, రక్తం అందదు.

ఈ కణాలు హార్మోన్ల మాట వింటాయి. కార్టిసాల్ లాంటివి మంటను తగ్గిస్తాయి. ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువగా ఉన్న ఎలుకల మెదడులో వాపు తక్కువ వస్తుందని అమెరికాలో డొనాల్డ్ స్టెయిన్ అనే శాస్త్రవేత్త గమనించారు. ఇంకేం, మందు దొరికినట్టే అనిపిస్తుంది కదా?

మనుషుల్లో అట్లా జరగలేదు. 2004లో వెలువడిన క్రాష్ అనే పరిశోధనలో తలదెబ్బ తిన్న 10,008 మందిని చూశారు. రెండు వారాల్లో, స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో నూటికి 21 మంది, ఇవ్వనివాళ్లలో 18 మంది చనిపోయారు. అందుకే దాన్ని మధ్యలోనే ఆపేశారు. ప్రొజెస్టిరాన్ మీద రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. రెండు వేల మందికి పైగా చూసినా లాభం కనిపించలేదు. మంట పెట్టే కణమే చెత్త కూడా ఊడుస్తుంది. హార్మోన్ మెదడు ఒక్కదాని మీదే కాదు, ఒళ్లంతా పనిచేస్తుంది.

కాబట్టి తలదెబ్బకు సొంతంగా స్టెరాయిడ్ వేసుకోవద్దు, పక్కవాడికి ఇవ్వొద్దు. ఆస్తమాకో మరోదానికో ముందునుంచే రోజూ వాడుతున్నవాళ్లు మాత్రం ఉన్నట్టుండి మానొద్దు, డాక్టరుకు చెప్పండి. మళ్లీ మళ్లీ వాంతులు, మగత, మాట తడబడటం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, చెవిలోంచో ముక్కులోంచో నీరు, రక్తం కారడం — వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. అంబులెన్స్‌కు సౌదీలో 997, యూఏఈలో 998, ఖతార్‌లో 999, కువైట్‌లో 112.

ఇంకో మాట. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఒంట్లో చాలా హార్మోన్లకు అదే ఫోర్‌మన్. గట్టి దెబ్బకు అదీ దెబ్బతినవచ్చు. నెలల తర్వాత కూడా ఎడతెగని అలసట, దేనిమీదా మనసు లేకపోవడం, భార్యాభర్తల కోరిక తగ్గడం ఉంటే కారణం అదే కావచ్చు. రూములో ‘కామ్‌చోర్’ అంటారు, మనమూ సిగ్గుతో చెప్పుకోము. డాక్టరుతో “అప్పుడు తలకు దెబ్బ తగిలింది, హార్మోన్ల రక్తపరీక్ష చేస్తారా?” అని అడగండి. లోపం బయటపడితే, తక్కువైన హార్మోన్‌ను మందుగా ఇస్తారు. అక్కడ హార్మోన్ నిజంగా పనికొస్తుంది, కానీ పరీక్ష చేశాకే.

ఈ మాట మీ రూములో వాళ్లకూ చెప్పండి. ఉంటాను.