బౌద్ధ నేల మీద మన నడక

(ఢిల్లీ ఈస్ట్ ఆఫ్ కైలాష్‌లోని అశోకుని శిలాశాసనం దగ్గర, తెలుగువారి ఉదయపు నడక ముగిశాక చేసిన ప్రసంగం)



నడిచి వచ్చారు, ఎక్కువసేపు నిలబెట్టను.

ఈ బండ మీది అక్షరాలు 1966లో, ఇక్కడ ఇళ్ళ కాలనీ పనులు జరుగుతుండగా బయటపడ్డాయి. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. పట్టుదల ఉంటే పెద్దవాళ్ళే కాదు, చిన్నవాళ్ళు కూడా గొప్ప ఫలం అందుకోగలరని అశోకుడు ఇందులో చెప్పించాడు. ఇదే మాట మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉంది. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే దేశంలో ఇది చిన్న మాట కాదు.

బౌద్ధంలో నడక కూడా సాధనే. కూర్చుని ధ్యానం చేసిన భిక్షువు లేచి, ఒక బాట మీద అటూ ఇటూ నడుస్తాడు. దాన్ని చంక్రమణం అంటారు. బుద్ధుడు అలా నడిచాడని చెప్పే చోటును బుద్ధగయలో ఇప్పటికీ చూపిస్తారు.

మనకైతే నడక హక్కు కూడా. 1924లో వైకోంలో జనం పోరాడింది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. 1927లో బాబాసాహెబ్ మహద్‌లో వేలమందితో చవదార్ చెరువు దాకా నడిచారు.

ఇక మన తొట్లకొండ సంగతి. సెలవులకు విశాఖ వెళ్ళినప్పుడు మీలో కొందరు ఎక్కే ఉంటారు. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1988 నుంచి 1993 దాకా తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, శాతవాహన నాణేలు, రోమన్ నాణేలు దొరికాయి. అంటే ఓడ దిగిన వర్తకుడూ ఊరి మనిషీ ఎక్కిన కొండ అది. ఇప్పుడు పొద్దున్నే నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు వస్తున్నారు. రానివ్వండి. సంఘారామం నేల నిర్మానుష్యంగా ఉండాలని నేను అనను.

కానీ 2019లో వానలకు మహాస్తూపం కూలింది. కొండ మీద క్లబ్బుకు భూమి ఇవ్వబోతే పౌరులు హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఎవరూ అడుగుపెట్టని నేలను కాజేయడం తేలిక. రోజూ నడిచే నేలకు రోజూ సాక్షులుంటారు.

అందుకే అడుగుతున్నాను. ఈసారి వెళ్తే పిల్లల్ని తీసుకెళ్ళండి. స్తూపం ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి, చుట్టూ నడిపించండి. ఇది ఎవరి నేలో చెప్పండి. రాయి కదిలినా కొత్త కంచె లేచినా, ఫొటో తీసి పురావస్తు శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

నమో బుద్ధాయ. జై భీమ్.