తీరిక వేళ అల్లిక

(ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



ఈవేళ అల్లిక పని గురించి మీతో నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. అల్లిక అనగానే మీలో కొందరు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చునే ఉంటారు, ఎన్ని కుట్లు ఎక్కించాలో, ఎన్ని వరసలు అల్లాలో రాసుకుందామని. అలాంటి సంగతులూ కొన్ని చెబుతాను. కాని ముందుగా మా యింట్లో జరిగిన ఒక విషయం చెప్పాలి. అందులో తప్పు నాదే. చెప్పుకుంటే నాలాంటి తల్లులు మరో నలుగురు జాగ్రత్త పడతారని నా ఆశ.

మా చిన్నమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. 2020లో కరోనా వచ్చి బడులు మూసేసిన రోజుల్లో దానికి పన్నెండేళ్ళు. వీధిలోకి వెళ్ళే వీలు లేదు, ఆడుకోవడానికి తోడు లేదు. మా పక్కింట్లో ఒక పంతులమ్మగారున్నారు, బడిలో పనిచేసి రిటైరయినావిడ. ఆవిడ ఒకరోజు పిట్టగోడ మీదుగా ఒక జత పదో నంబరు సూదులూ, సగం ఊలు ఉండా అందించారు. గోడకి అటు ఆవిడ, ఇటు ఇది. అలా మొదలయింది చదువు.

మొట్టమొదట మఫ్లరు అల్లింది. ముప్ఫై కుట్లతో మొదలుపెట్టింది. మొదట్లో అది మఫ్లరులాగే ఉంది, చివరికొచ్చేసరికి విసనకర్ర అయి కూర్చుంది! లెక్కపెడితే నలభై ఒక్క కుట్లు. వరస మొదట్లో దారం సూది మీదుగా పడి, లేని కుట్టు ఒకటి పుట్టుకొస్తోందట. కొత్తగా నేర్చుకునే అమ్మాయిలందరూ చేసే పొరపాటే ఇది. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టుకుంటే చాలు, ఈ బాధ ఉండదు. ఆ విసనకర్ర ఇప్పటికీ మా యింట్లో రేడియో మీద కప్పి ఉంది.

"ఏటమ్మా, మనూళ్ళో ఊలు బట్టలు ఎవులేసుకుంటారు?" అని మా వీధిలో నవ్వినవాళ్ళు లేకపోలేదు. నిజమే, అనకాపల్లిలో ఏడాదిలో పది నెలలు చెమటతోనే సరిపోతుంది. కాని ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పడుతున్నప్పుడు పసిపిల్ల ఉన్న ఇంటికి వెళ్ళి చూడండి, తలకి పాత గుడ్డలు చుట్టి ఉంటాయి. ఇక పాడేరు, చింతపల్లి వైపు కొండ మీద ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళెందరున్నారు! చింతపల్లి దగ్గరి లంబసింగి చలి సంగతి మీరందరూ విన్నదే. మా మామగారు బెల్లం మార్కెట్లో గుమాస్తాగా చేశారు. ఇప్పుడు పని మానుకున్నా, తెల్లారగానే ఒకసారి అటు వెళ్ళి దిమ్మల వరసలు చూసి రానిదే ఆయనకి తోచదు. మనవరాలు అల్లిన రెండో మఫ్లరు ఆయన మెడలోనే ఉంటుంది. అది సరయిన వెడల్పులోనే వచ్చింది లెండి.

మరి చదువుకునే పిల్లకి అల్లడానికి వేళ ఎక్కడిది? అందుకు విడిగా వేళంటూ లేదు. కుక్కరు మూడు కూతలు వేసేలోగా రెండు వరసలు. మోటారు వేసి ట్యాంకు నిండేలోగా నాలుగు వరసలు. రాత్రి మా మామగారు వార్తలు వింటుంటే, ఆయన మంచం పక్కన కూర్చుని మరో పది. మధ్యలో నేను, "ఒసే, పాలు చూడు", "తమ్ముడికి అన్నం పెట్టు" అని పిలుస్తూనే ఉంటాను. అది సూదులు పక్కన పెట్టి లేస్తుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. చూసేవాళ్ళకి మాత్రం ఎప్పుడు చూసినా ఖాళీగా కూర్చుని అల్లుకుంటున్నట్టే ఉంటుంది. నాకూ అలాగే ఉండేది.

కిందటి ఏడాది పంతులమ్మగారి అమ్మాయి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. అల్లుడికి చింతపల్లిలో ఉద్యోగం. రెండు నెలల పసివాణ్ణి తీసుకుని డిసెంబరులో అక్కడికి వెళ్ళాలి. పంతులమ్మగారు మా చిన్నదాన్ని పిలిచి స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు కలిపి ఒక సెట్టు అల్లమన్నారు. "ఊరికే వద్దు. 450 రూపాయలు ఇస్తాను" అన్నారు. అది దాని మొదటి సంపాదన. చిలకపచ్చా తెలుపూ కలిపి అల్లింది. ఇరవై అయిదు గ్రాముల ఊలు ఉండలు అయిదు పట్టాయి. ఊలూ, బొత్తాలూ కలిసి 150 రూపాయలయ్యాయి.

మా మామగారికి లెక్క రాయనిదే నిద్ర పట్టదు. మనవరాలి చేత ఒక పుస్తకం పెట్టించారు. సూదులు పట్టినప్పుడల్లా గడియారం చూసి రాయమన్నారు. పది నిమిషాలు, పావుగంట, అరగంట. అన్నీ కూడితే స్వెట్టరుకి 16 గంటలు, టోపీకి మూడు, మేజోళ్ళకి మూడు, మొత్తం 22 గంటలు తేలింది. ఊలు ఖర్చు తీసేస్తే మిగిలేది 300. గంటకి పదమూడు రూపాయల చిల్లర! "బెల్లం దిమ్మలెత్తే కూలీ వింటే నవ్వుతాడు" అన్నారాయన.

ఆ పుస్తకం నేను అప్పటికింకా చూడలేదు.

పసివాడి ప్రయాణం ఆదివారం. ఆ ముందు మంగళవారం మా పెద్ద వదిన నూకాంబిక అమ్మవారి దర్శనానికి వచ్చి, భోజనానికి మా యింటికి వచ్చింది. చేతిలో నెలల మనవడు. మంచం మీద ఆ సెట్టు చూసి, "ఎంత ముద్దుగా ఉందే!" అంది. ఇంటికొచ్చిన ఆడపిల్లకి చీర పెట్టడం, పసివాడికి ఏదో ఒకటి చేతిలో పెట్టడం మన ఇళ్ళలో అలవాటు కదా. నా నోట మాట వచ్చేసింది. "తీసుకెళ్ళు వదినా, మా చిన్నది మళ్ళీ అల్లుకుంటుందిలే" అన్నాను. సంచిలో నేనే పెట్టాను కూడాను.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి అది మంచం వంక చూసింది. సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "అది మామ్మగారి మనవడిదమ్మా. ఆదివారం ఇస్తానని చెప్పాను" అని మాత్రం అంది. కాసేపాగి, "నన్ను అడగచ్చు కదా" అంది.

ఇచ్చిన వస్తువు తిరిగి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పంతులమ్మగారితో మరోసారి ఇస్తానని చెప్పమంటే అది ఒప్పుకోలేదు. ఆ రాత్రే ఊలు తెప్పించుకుని మళ్ళీ కుట్లు ఎక్కించింది. శనివారం ఫిజిక్సు పరీక్ష. ఒక రాత్రి పన్నెండింటికి, ఒక రాత్రి ఒంటిగంటకి దీపం వెలుగుతూనే ఉంది.

నాకు నిద్ర పట్టక లేచి వెళ్ళి, "ఇటివ్వు, మేజోళ్ళు నేనల్లుతాను" అన్నాను. చిన్నప్పుడు లేసు అల్లినదాన్ని, రెండు సూదులు నాకెంతలే అనుకున్నాను. గంటసేపు తంటాలు పడితే ఆరు వరసలు వచ్చాయి. ఒక కుట్టు జారిపోయి నిచ్చెనలాగా కిందిదాకా దిగింది. పాపం, అది నా అల్లిక విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ గంటలో నా మెడ పట్టేసింది, కళ్ళు మంట పుట్టాయి. అప్పుడడిగాను, ఒక సెట్టుకి ఎంతసేపు పడుతుందే అని. అది మాట్లాడకుండా తాతగారి పుస్తకం నా ముందు పెట్టింది. 22 గంటలు! నేను ఒక్క క్షణంలో సంచిలో పెట్టి పంపింది దాని 22 గంటలు.

ఆ పుస్తకం చేతిలో పట్టుకుని కూర్చుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మది నరసాపురం దగ్గర పల్లె. గోదావరి జిల్లాల్లో ఆ వైపున ఇంటింటా లేసు అల్లేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు వచ్చి నేర్పిన విద్య అది. తరవాత ఇతర కులాల ఆడవాళ్ళకీ అబ్బింది. ఏజంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు. పువ్వులు అల్లడాన్ని చేతిపని అనేవారు, వాటిని కలిపి గుడ్డ చేయడాన్ని అతుకు పని అనేవారు. నేను బడి నుంచి వచ్చి పువ్వులు అల్లితే, అమ్మ అతికేది. పొయ్యి దగ్గర, వాకిట్లో, దీపం దగ్గర, ఎప్పుడూ ఒళ్ళో ఆ తెల్లదారం ఉండేది. ఎవరయినా అడిగితే మా నాన్న, "ఏదో తీరిక వేళ అల్లుకుంటుందండీ" అనేవారు. నేను పదో తరగతి దాకా చదువుకున్నది ఆ దారం డబ్బు మీదే. అమ్మకి చూపు తగ్గి లేసు మానేసిన ఏడాదే నా చదువూ ఆగింది. అయినా ఆ పనికి మా యింట్లో ఎవరూ పనని పేరు పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథే కాదని తరవాత తెలిసింది. మరియా మీస్ అనే జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లినా ఆ రోజుల్లో ఆ స్త్రీలకి రూపాయి కూడా గిట్టేది కాదని లెక్క కట్టింది. వాళ్ళని పనివాళ్ళుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూడబట్టే అంత తక్కువకి చేయించుకోగలిగారని రాసింది. ఆ లేసేమో ఓడలెక్కి పై దేశాలకి వెళ్ళేది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పేరుతో పాటు ఆ చేతులకి డబ్బు కూడా వస్తే మరీ సంతోషం.

పై దేశాల్లోనూ ఇదే కథ. స్కాట్లండుకి ఉత్తరాన సముద్రంలో షెట్లండు దీవులున్నాయి. పూర్వం అక్కడి ఆడవాళ్ళు వీపున పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డల బుట్ట మోసుకుంటూ, దారి పొడుగునా నడుస్తూనే చేతులతో ఊలు అల్లేవారట. ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నని శాలువలు వాళ్ళవి. కాని వర్తకులు డబ్బివ్వకుండా టీ పొడి, గుడ్డ లాంటివి చేతిలో పెట్టి పంపేవారు. దానిమీద 1872లో అక్కడి ప్రభుత్వం విచారణ కూడా జరిపించింది.

వర్తకుల మాట సరే. వదిన సంచిలో ఆ సెట్టు పెట్టింది వర్తకుడు కాదు కదా, కన్నతల్లిని నేను!

ఆదివారం పొద్దున్న బస్సు వేళకి అరగంట ముందు రెండో మేజోడు పూర్తయింది. పసివాడు టోపీ పెట్టుకునే చింతపల్లి వెళ్ళాడు. ఫిజిక్సులో మాత్రం మా చిన్నదానికి ఎప్పుడూ వచ్చే మార్కులు రాలేదు. పంతులమ్మగారికి సంగతి తెలిసి, పుస్తకం అడిగి తీసుకుని చూశారు. బడిలో లెక్కలు చెప్పినావిడ కదా, మాటలేం అనలేదు. తరవాత మరో సెట్టు చేయించుకున్నప్పుడు తనంతట తానే 700 ఇచ్చారు.

ఇక మీరు రాసుకుందామనుకున్న సంగతులు. మొదటగా పసిపిల్లల బట్టలకి మెత్తని ఊలు కొనండి, బుగ్గకి ఆనించి చూస్తే గరుకు తెలిసిపోతుంది. చవగ్గా దొరికే ఊలులో ఎక్కువభాగం అక్రిలిక్ నూలే. ఉతకడానికి సుళువు గాని మంటకి కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గరికి, కుంపటి దగ్గరికి ఆ బట్టలతో పిల్లల్ని తీసుకెళ్ళకండి. మెడ దగ్గర రిబ్బన్లు, తాళ్ళు పెట్టకండి, బొత్తాలు గట్టిగా కుట్టండి. మేజోళ్ళు తొడిగేముందు లోపలివైపు తిప్పి చూడండి. వదులు దారం కొస ఉంటే పసివాడి కాలివేలికి చుట్టుకుని నెత్తురు ఆడకుండా చేస్తుంది. స్వెట్టరు మొదలుపెట్టే ముందు నాలుగంగుళాల ముక్క అల్లి కొలుచుకోండి. ఒక్కొక్కరి చెయ్యి బిగువు ఒక్కోలా ఉంటుంది. ఉతికాక మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడేస్తే సాగిపోతుంది.

ఇంకొక్కటి. మీ ఇంట్లో అల్లే పిల్లో, కుట్టే పిల్లో ఉంటే దానిచేత ఒక పుస్తకం పెట్టించండి. పట్టిన ఊలు ఎంతో, పట్టిన వేళ ఎంతో అందులో రాయించండి. అమ్మమంటున్నానని కాదు. అది ఎవరికయినా ప్రేమగా ఉచితంగా ఇచ్చుకోవచ్చు, చుట్టాలకి పెట్టుకోవచ్చు. కాని ఏం ఇస్తోందో తెలిసి తానే ఇవ్వాలి. దాని తరఫున మనం ఇచ్చేయకూడదు.

మా మామగారు ఆ పుస్తకంలో నాకూ ఒక పుట తెరిచారు. పైన "అమ్మ పేర బాకీ, 22 గంటలు" అని తన గుమాస్తా రాతలో రాశారు. డబ్బిస్తే మా చిన్నది పుచ్చుకోదు. అందుకని రాత్రిళ్ళు దాని వంతు గిన్నెలు నేను తోముతున్నాను. రోజుకి అరగంట చొప్పున చెల్లు వేస్తున్నారు. మొన్నటికి పదహారు గంటలు తీరింది. ఇంకా ఆరు గంటలు బాకీ ఉన్నాను.