కొచ్చి యూదుల పాటల పుస్తకాలు

కొచ్చి వెళ్ళినవాళ్ళంతా మట్టాంచేరిలో 1568 నాటి పరదేశి సినగాగ్ చూసి, నేలమీది చైనా పలకల ఫోటో తీసుకుని వచ్చేస్తారు. నేనూ అంతే చేశాను లెండి. కానీ ఆ యూదుల కథలు ఎక్కువగా ఉన్నది ఆడవాళ్ళ నోటుపుస్తకాల్లో. పెళ్ళిళ్ళకీ పండగలకీ పాడుకునే మలయాళం పాటలు, చేత్తో రాసుకున్నవి. 1950లలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, పుస్తకాలూ వాళ్ళతోనే వెళ్ళాయి. అక్కడ పుట్టిన పిల్లలకి హీబ్రూ వచ్చు, మలయాళం చదవడం రాదు. బార్బరా జాన్సన్, స్కరియా జకరియా లాంటివాళ్ళు ఆ పుస్తకాలు వెతికి పట్టుకున్నారు. పెద్దామెలు పాడుతుంటే రికార్డు చేశారు కూడా. అదే ముఖ్యం, బాణీ కాగితం మీద ఉండదు కదా. మా అమ్మమ్మ పెళ్ళిపాటల పుస్తకం నా దగ్గరుందండీ. అందులో ఒక్క పాటకీ నాకు బాణీ రాదు.