నొప్పిని దాచుకోకండి, నోరు తెరిచి అడగండి

(ధర్మాబాద్‌లో జరిగిన ట్రస్టు ఉపకార వేతనాల సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మాట్లాడేవారు సాధారణంగా చదువు గురించి, క్రమశిక్షణ గురించి చెబుతారు. నేను మాత్రం విరిగిన నా చెయ్యి గురించి చెప్పదలచుకున్నాను. చదువుకూ దీనికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. చివరిదాకా వింటే సంబంధం ఉందని మీరే ఒప్పుకుంటారు.

అది 2006 ఫిబ్రవరి. నేను మరాఠీ మీడియంలో పదో తరగతి. మార్చిలో బోర్డు పరీక్షలు. మా బాపు ఇక్కడి మిర్చి మార్కెట్లో హమాలీ. సీజన్ రోజుల్లో పని ఎంత ఉంటుందో ధర్మాబాద్ వారికి నేను చెప్పనక్కర లేదు. ఒక ఆదివారం సాయంత్రం బాపుకు సాయంగా లారీ ఎక్కి, బస్తాల మీద నుంచి జారి కింద పడ్డాను. పడేటప్పుడు కుడి చెయ్యి ఆనించాను. ముంజేయి మధ్యలో వంగిపోయింది. రెండు ఎముకలూ విరిగాయని తరువాత తెలిసింది.

అందరూ చేసే పనే మా వాళ్ళూ చేశారు. దగ్గరి ఊళ్ళో కట్టు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆంధ్రలో పుత్తూరు కట్టుకు ఎంత పేరుందో, మన ప్రాంతంలోనూ ఇలాంటి వారి మీద జనానికి అంత నమ్మకం ఉంది. ఆయన చెయ్యి లాగి, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో గట్టిగా బిగించాడు. అప్పటికి సాయంత్రం ఆరు దాటింది. "రాత్రి కొంచెం సలుపుతది, ఓర్చుకోవాలె" అన్నాడు. నేను ఓర్చుకున్నాను. బాపు ముందు ఏడవడం నాకు నామోషీ.

ఎనిమిదింటికి నొప్పి తగ్గకపోగా పెరిగింది. మెడికల్ షాపులో తెచ్చిన మాత్ర వేసుకున్నా గుణం లేదు. పదింటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తరువాత తాకితే తెలియడం మానేసింది. నొప్పి తెలియకపోతే మంచిదే కదా అనుకుని పడుకున్నాను. అంత తెలివితక్కువ ఆలోచన నా జీవితంలో మరొకటి లేదు.

పదకొండింటికి అమ్మ లేచి దీపం దగ్గర పెట్టి చూసింది. "ఏందిరా బిడ్డా, వేళ్ళు గిట్ల నల్లగైనయ్?" అంది. నా వేలు పట్టి నిటారుగా చేయబోతే కేక పెట్టాను. అమ్మ గోరు మీద నొక్కి వదిలింది. తన గోరు నొక్కి చూసుకుంది. తన గోరు కింద ఎరుపు వెంటనే తిరిగి వచ్చింది, నా గోరు కింద రాలేదు. ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు.

బాపు తెల్లారి చూద్దామన్నాడు. తెల్లారితే బాసర దాటి నిజామాబాద్ పోవచ్చు, అక్కడ చుట్టాలున్నారు, డాక్టర్లు తెలుగు మాట్లాడతారు అని ఆయన ఆలోచన. అమ్మ ఒప్పుకోలేదు. "మాట రాకున్నా చెయ్యి చూపిస్తే సమజైతది" అని నన్ను లేపి ఊళ్ళోని గ్రామీణ ఆసుపత్రికి నడిపించింది. అక్కడ అమ్మకు వచ్చిన మరాఠీ రెండే మాటలు: "బోట్ బఘా." అంటే వేలు చూడండి అని. అవే పదిసార్లు అంది. డ్యూటీలో ఉన్న డాక్టరు గారు నా వేళ్ళు చూసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కత్తెర తీసుకుని కట్టు మొత్తం కోసేశారు. తరువాత చీటీ రాసి, చెయ్యి కదలకుండా అట్ట ఆధారంగా పెట్టి, అప్పటికప్పుడు నాందేడ్ ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. మార్కెట్ వాళ్ళ జీపులో వెళ్ళాం.

నాందేడ్‌లో ఎముకల డాక్టరు గారు మాకు చెప్పింది ఈనాటికీ గుర్తుంది. చెయ్యి విరిగితే లోపల రక్తం చేరి కండరాలు వాస్తాయి. కండరాల చుట్టూ సాగని గట్టి పొర ఒకటి ఉంటుంది. పైన బిగుతైన కట్టు కూడా ఉంటే వాపు ఎటూ పోలేక లోపల ఒత్తిడి పెరిగి, సన్న రక్తనాళాల్లో రక్తం నిలిచిపోతుంది. సుమారు ఆరు గంటలు అలాగే ఉంటే కండరాలు, నరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ తరువాత ఎముక అతికినా వేళ్ళు కొంకర్లు పోయి గోళ్ళలా ముడుచుకుపోతాయి. ఈ అవిటితనాన్ని జర్మనీ శస్త్రవైద్యుడు ఫోక్‌మాన్ 1881లోనే వివరించాడు. అందుకే దానికి ఆయన పేరే ఉంది. బిగుతైన కట్టే దీనికి కారణమని ఆయన అప్పుడే హెచ్చరించాడు. నాకు కట్టు కట్టింది ఆరింటికి, కోసింది పదకొండున్నరకు. లెక్క మీరే వేసుకోండి.

ఆ రాత్రంతా ఒక సిస్టర్ గంటకోసారి వచ్చి గోరు నొక్కి చూసేవారు, వేళ్ళు చాచి చూసేవారు, దూదితో తాకి "తెలుస్తోందా?" అని మరాఠీలో అడిగేవారు. ఒత్తిడి తగ్గకపోతే చర్మాన్ని, లోపలి పొరను కోసి వదులు చేయాల్సి ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు. నాకు ఆ అవసరం రాలేదు. తెల్లవారుజామున చిటికెన వేలికి స్పర్శ వచ్చింది. బొటనవేలికీ చూపుడు వేలికీ పూర్తిగా రావడానికి కొన్ని వారాలు పట్టింది. వాపు తగ్గాక, మూడో రోజు మత్తు ఇచ్చి ఎముకలు సరిచేసి, భుజం కింద నుంచి అరచేతి దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు ఉంచాలన్నారు.

మరి పరీక్షలు? నేను పరీక్షలు పోయినట్టే అనుకున్నాను. వార్డులో డ్రెస్సింగ్ చేసే ఆయన, "హెడ్మాస్టరును అడిగావా?" అన్నాడు. అడగలేదు. అమ్మ వెళ్ళి అడిగింది. డాక్టరు సర్టిఫికెట్, దరఖాస్తు పెడితే, నాకంటే కింది తరగతి అబ్బాయి చేత రాయించుకోవచ్చని చెప్పారు. ఆసుపత్రి కాగితాలన్నీ అమ్మ చీర కొంగులో మూటకట్టి దాచింది కాబట్టి సర్టిఫికెట్ ఒక్క పూటలో దొరికింది. తొమ్మిదో తరగతి అబ్బాయి రాశాడు. నేను నోటితో చెప్పాను. జామెట్రీ బొమ్మలు నోటితో చెప్పడం ఎంత కష్టమో ఎవరికైనా అనుమానం ఉంటే ఒకసారి ప్రయత్నించండి. అనుకున్నన్ని మార్కులు రాలేదు. కానీ సంవత్సరం పోలేదు.

కట్టు విప్పాక చెయ్యి కట్టెపుల్లలా ఉంది. రబ్బరు బంతి పిసకమన్నారు. అమ్మ బంతి కొనలేదు. రోజూ జొన్నపిండి ముద్ద నా ముందు పెట్టి పిసకమనేది. మూడు నెలలు మా ఇంట్లో రొట్టెల పిండి నేనే కలిపాను. పిడికిలి పూర్తిగా వచ్చింది. అరచేయి పైకి తిప్పడం మాత్రం ఇప్పటికీ కొంత తక్కువే. బాసరలో తీర్థం పట్టేటప్పుడు నేను మోచేయి ఒంటికి ఆనించి కాస్త వంగాలి. పూజారి గారు భక్తి అనుకుంటారు.

పిల్లలూ, తల్లిదండ్రులూ, ఈ కొన్ని మాటలు గుర్తుంచుకోండి. చెయ్యి విరిగిందని అనుమానం వస్తే లాగకండి, మర్దన చేయకండి. మడిచిన వార్తాపత్రికో అట్టో ఆధారంగా పెట్టి, కండువాతో మెడకు వేలాడదీయండి. గాజులు, ఉంగరాలు, చేతి తాళ్ళు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవే ఉరితాళ్ళవుతాయి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కనుక డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకండి. మహారాష్ట్రలో 2014 నుంచి 108 అంబులెన్సు ఉంది, పిలవండి.

కట్టు ఎవరు కట్టినా, అది వెదురు బద్దలదైనా ఆసుపత్రి పిండికట్టైనా, నొప్పి రానురాను పెరుగుతుంటే, మాత్రకు తగ్గకపోతే, వేళ్ళు చాచితే భరించలేకపోతే, తిమ్మిరెక్కితే, చల్లబడితే, రంగు మారితే అది ఓర్చుకునే నొప్పి కాదు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి. కట్టు వేసిన చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి, వేళ్ళు కదుపుతూ ఉండండి, పుల్లతో గోకకండి.

ఖర్చు భయం ఉన్నవారికి ఒక మాట. మా రోజుల్లో లేనివి ఇప్పుడున్నాయి. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇటు 2012లో జీవన్‌దాయీ యోజన వచ్చినప్పుడు మొదటి విడతలోనే నాందేడ్ జిల్లా ఉంది. 2017లో దానికి మహాత్మా జ్యోతిబా ఫులే పేరు పెట్టారు. సరిహద్దులో ఉన్న మనం ఏ రాష్ట్రం రేషన్ కార్డు ఉందో చూసుకుని వెళ్ళాలి. పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉంటారు. ఏ చికిత్స ఉచితమో వారినే అడగండి.

చివరిగా ఒక విషయం. పదో తరగతి అయ్యాక ఈ ట్రస్టుకు దరఖాస్తు పెడదామంటే బాపు వద్దన్నాడు. "ఒకరి ముందు చెయ్యి చాపుడా?" అన్నాడు. అమ్మ ఒక్కటే అంది: "ఆ దినం ఆసుపత్రిల అడగకుంటే చాపడానికి చెయ్యే లేకపోవు." బాపు మారు మాట్లాడకుండా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. ఆ డబ్బుతో పదకొండో తరగతి పుస్తకాలు కొన్నాను. ఈరోజు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతూ ఈ చేత్తోనే బోర్డు మీద రాస్తున్నాను.

ఈరోజు ఉపకార వేతనం అందుకుంటున్న పిల్లలు ఎవరూ తల దించుకోవద్దు. అర్థం కాని పాఠమైనా, ఫీజుకు లేని డబ్బైనా, ఒంట్లో నొప్పైనా దాచుకుంటే పెరుగుతాయి. సమయానికి అడిగితే సాయం చేసేవారు ఉంటారు.