సాగర్ కాలవ మీద బ్యాంకు షరతు

(పల్నాడులోని ఒక పల్లెలో కూలీలు, కౌలురైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రపంచ బ్యాంకు అనగానే మనోళ్లు అదేదో ఢిల్లీ గొడవ, అమెరికా గొడవ అనుకుంటారు. మన కుడికాలవ గట్టు మీదకు అది ఎప్పుడో వచ్చింది. ఎట్లా వచ్చిందో చెప్తాను.

1991లో దేశం బంగారం తాకట్టు పెట్టి, ఐఎంఎఫ్ దగ్గర అప్పు తెచ్చి, రూపాయి విలువ తగ్గించింది. తర్వాత మన రాష్ట్రమే నేరుగా బ్యాంకుతో బేరానికి కూర్చుంది. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయ్యింది. 1998లో యాభై కోట్ల డాలర్లకు పైగా అప్పు వచ్చింది. కరెంటు బోర్డును విడగొట్టారు, చార్జీలు పెంచారు. అడగటానికి పోయినోళ్ల మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపారు. ఇదంతా మీరు విన్నదే. కాలవ సంగతే ఎవరూ సరిగా చెప్పలేదు.

1997లో సాగునీటి చట్టం తెచ్చారు. కాలవల పెత్తనం నీటి సంఘాలకు ఇచ్చారు. రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలు లేచినయ్యి. నీటి తీరువా ఒక్కసారిగా మూడింతలు దాటింది. ప్రజల చేతికే అధికారం అన్నారు. ఏ ప్రజలు? ఓటు భూమి ఉన్నోడికే. కౌలుదారుకు కూడా ఉందని చట్టంలో రాశారు, కాకపోతే రికార్డులో పేరుండాలంట! మన కౌలు నోటిమాట కౌలు. మిరపకు, పత్తికి ముందే డబ్బు కట్టి, అప్పు చేసి దున్నేది మనం. కాగితంలో పేరు ఆసామిది. కూలోళ్ల సంగతి ఇక అడగొద్దు, కాలవ పూడిక తీసేది వాళ్లే అయినా.

బ్యాంకు కాగితాల్లో కులం మాట లేదు. మాలపల్లె, మాదిగపల్లె అని ఎవరూ రాయలేదు. 'రైతు' అని రాశారు. ఆ ఒక్కమాటతోనే భూమి ఉన్న కులాలు లోపలికి పోయినయ్యి, మనం గట్టు మీద నిలబడ్డాం. పనుల డబ్బు సంఘాల చేతికి వచ్చేసరికి అధ్యక్షుడే కాంట్రాక్టరు అయిన చోట్లు చాలా ఉన్నాయి. ఊళ్లో అప్పటికే ఉన్న పెత్తందారుకు ఇంకో కుర్చీ దొరికింది. 2010లో ఇదే సాగర్ కాలవల బాగుకు మళ్లీ 45 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు.

అయితే అన్నిటికీ బ్యాంకే కారణం అనే మాట నేను ఒప్పుకోను. కారంచేడులో 1985 జూలై 17న మనోళ్లను చంపినప్పుడు ఏ సంస్కరణలూ లేవు. చెరువు నీళ్ల దగ్గర మొదలైంది ఆ తగాదా. అగ్రకులపోడికి మనమీద చెయ్యెత్తటానికి డాలర్లు అక్కర్లేదు.

ఆఫ్రికాలో రువాండా అని చిన్న దేశం ఉంది. 1989లో కాఫీ ధర కుప్పకూలింది. 1990లో అప్పు షరతు కింద అక్కడి డబ్బు విలువ తగ్గించారు. కాఫీ మీద బతికే రైతులు చితికిపోయారు. 1994లో లక్షలమంది తుత్సీలను నరికారు. కత్తి పట్టించింది అక్కడి పాలకులు, వాళ్ల రేడియో. ఆ పాపం వాళ్లదే. కానీ కడుపు కాలే జనానికి 'నీ కష్టానికి పక్కోడే కారణం' అని చెబితే ఎంత తొందరగా అంటుకుంటుందో చూడండి. మన దగ్గర కూడా నీళ్లు రాని ఏడు కాలవ చివరి చిన్నరైతు పైన తూము తిప్పినోణ్ణి అడగడు. కూలి పెంచమన్న మనమీద పడతాడు.

2019లో కౌలుదారుల చట్టం వచ్చింది. కార్డుకు ఆసామి సంతకం కావాలన్నారు. సంతకం పెట్టే ఆసామి ఎంతమంది? 2024 డిసెంబరులో నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగినయ్యి. ఈ పల్లెలో కౌలు చేసే వాళ్లలో ఓటేసినోళ్లు చెయ్యెత్తండి.

సరే, చూశారుగా. పిల్లలు కాగితాలు తెచ్చారు. ఎవరి పొలం, ఎన్ని ఎకరాలు, ఏ తూము కింద, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఇవి రాయించండి. తహసీల్దారు ఆఫీసుకు అందరం కలిసి పోదాం. ముందు ఆ అరుగు మీద కూర్చున్న అక్కలవి రాయండి.